కన్నెలకోనలో కూర్చున్నవాళ్లు

గుహలోంచి పూలు కొట్టుకొస్తున్నాయి.

నూకరత్నం ఉతుకుతున్న చీరను రాతిమీద వదిలేసి సెలయేట్లోకి దిగింది. మహేంద్రగిరి వాలులో పుట్టిపెరిగిన మనిషి ఆమె. ఆ కొండల్లో ఆమెకు తెలియని చెట్టు లేదు. ఈ పూలు మాత్రం ఏ చెట్టువో తెలియలేదు. వేలిగోరంత పూలు, పాలనురుగు రంగు, రేకుల అంచున లేత నీలం. వాసన చూస్తే కనురెప్పలు వాటంతటవే బరువెక్కాయి. ఆ పూలగుత్తిలో చిక్కుకుని ఏదో తళుక్కుమంది. బంగారు కడియం!

ఆమె మొగుడు దాలినాయుడు దాన్ని కొరికి చూశాడు, ఎండలో తిప్పి చూశాడు, పకపకా నవ్వాడు.

"కన్నెలకోన ఉందే, రత్నం! నిజంగానే ఉంది!"

కొండ కడుపులో ఒక కోన ఉందనీ, ఏడుగురు వనకన్నెలు అక్కడొక మహావృక్షాన్ని కాపలా కాస్తుంటారనీ, మిట్టమధ్యాహ్నం ఆ చెట్టు పాడుతుందనీ, దాని మొదట్లో రాశులకొద్దీ బంగారం ఉందనీ అక్కడి జనం తరతరాలుగా చెప్పుకుంటారు. వెళ్లినవాడెవడూ తిరిగి రాలేదనీ చెప్పుకుంటారు. దాలినాయుడు ఆ రెండోమాట చెవిన పెట్టే మనిషి కాదు. దేనికీ బెదరడు, దేనికీ కుమలడు. అతణ్ణి పెంచి పెద్దచేసిన అప్ప, తోడబుట్టిన అక్క, బతుకుతెరువుకి ఓడెక్కి రంగూన్ వెళ్లింది. యుద్ధంలో అక్కడ బాంబులు పడ్డాక ఆమె కబురే లేదు. ఆ సంగతి నూకరత్నానికి ఊళ్లోవాళ్లు చెప్పారు తప్ప, కాపురానికి వచ్చిననాటినుంచీ మొగుడి నోట ఒక్కసారైనా వినలేదు. ఈ మనిషికి గుండె ఉందా అని ఆమె అప్పుడప్పుడూ అనుకునేది.

మర్నాడు పొద్దు పొడవగానే ముగ్గురు బయలుదేరారు. మూడోవాడు దాలినాయుడి చిన్నాన్న కొడుకు జోగులు. చేతుల్లో కాగడాలు, నడుములకు ఒకటే తాడు, దాలినాయుడి మొలలో కత్తి.

"నువ్వెందుకే?" అన్నాడు దాలినాయుడు.

"పూలు కనపడింది నాకే గదా. నాను రాపోతే ఎలగ?" అని ఆమె ముందుగా నీళ్లలోకి అడుగేసింది.

గుహ వాళ్లను మింగేసింది. ఎదురొచ్చే ప్రవాహం తొడలను తోస్తోంది. పాకుడు రాళ్లమీద కాళ్లు జారుతున్నాయి. కాగడా వెలుగు తగలగానే పైకప్పునుంచి గబ్బిలాలు గుంపుగా లేచి, ముఖాలను రెక్కలతో కొడుతూ పోయాయి. ఒకచోట కప్పు నీటి మట్టందాకా వంగింది. "ఊపిరి బిగబట్టండి!" అని దాలినాయుడు మునిగాడు. చీకటి, చలి, చెవుల్లో హోరు. తాడు లాగినవైపే ఈదుకుంటూ నూకరత్నం తల పైకెత్తేసరికి కళ్లముందు పచ్చటి వెలుగు!

నాలుగువైపులా నిలువు రాతిగోడలు. పైన గుండ్రటి ఆకాశం. మధ్యలో తెల్లటి మానుతో ఆ మహావృక్షం, ఒళ్లంతా పూలతో. దానిచుట్టూ మనిషెత్తు కూడా లేని గుజ్జు చెట్లు, వందలు. ఎండ ఆకుల్లోంచి వడగట్టినట్టు దిగి, నీటి అడుగున ఉన్నట్టు మెల్లగా ఊగుతోంది. గాలి లేదు. అయినా పూలు రాలుతున్నాయి, తొందరేమీ లేనట్టుగా.

"బంగారం!" జోగులు కేక కోనంతా మారుమోగింది.

వేళ్ల సందుల్లో కాసులపేర్లు, కడియాలు, మొలతాళ్లు. ఎవరో స్నానానికి పోతూ తీసిపెట్టినట్టు ఎక్కడివక్కడే ఉన్నాయి. జోగులు తలగుడ్డ పరిచి రెండు చేతులా కుప్ప పోస్తున్నాడు. నూకరత్నం కూడా వంగింది. ఒక ఉంగరం పట్టి లాగింది. రాలేదు. అది ఒక సన్నటి వేరుకి బిగుసుకుపోయి ఉంది. ఆ వేరు వేలిలా ఉంది.

ఆమె తల తిప్పి గుజ్జు చెట్లను చూసింది. ఒకటి మోకాళ్లు ముడుచుకున్నట్టుంది. ఒకటి చెంపకు చెయ్యి ఆన్చుకున్నట్టుంది. అన్నీ పెద్దచెట్టు వైపే తిరిగి, ఏదో వింటున్నట్టున్నాయి. వచ్చినవాళ్లు తిరిగి ఎందుకు రాలేదో ఆమెకు అప్పుడు తెలిసింది. వాళ్లెక్కడికీ పోలేదు. ఇక్కడే కూర్చుండిపోయారు.

"మావా! ఎల్లిపోదాం, బేగి!"

సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చాడు. చెట్టుకొమ్మల్లో ఏదో కదిలింది. పూలలోంచి పూలు విడివడినట్టు ఏడుగురు కన్నెలు, పొగమంచుకు చీరలు చుట్టినట్టున్నవాళ్లు, కొమ్మలమీద కాళ్లూపుతూ కూర్చున్నారు. వాళ్ల చూపుల్లో పగ లేదు, జాలి లేదు. వాన కురిసేటప్పుడు అడవి చూసే చూపు అది.

దాలినాయుడు మహావృక్షం మొదట్లో కూర్చుని ఉన్నాడు. చెవి మానుకు ఆన్చి, కళ్లు మూసుకుని చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. అంత మనిషి! సన్నటి తీగలు అప్పుడే అతని మడమలకు చుట్టుకుంటున్నాయి.

"అప్పే, రత్నం. ఊయల్లో ఏసి పాడీదే, ఆ పాటే పాడతంది."

కోన అంచున ఉరిమింది. కొండమీద వాన! సెలయేరు ఎర్రబడుతోంది. జోగులు కేకవేశాడు: "వదినా, నీరు పెరుగుతంది! తోవ మూసుకుపోతాది!"

నూకరత్నం మొగుడి ముందు మోకరిల్లి అతని ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మీ అప్ప ఏటంతంది, మావా?"

"కూకోమంతంది."

"ఇంకేటంతంది?"

"కూకోమనే."

"ఇన్నేళ్లకి కనపడింది గదా. తిన్నావేట్రా అని అడగనేదా? పెళ్లయిందా, పిల్లలా అని అడగనేదా? నిన్ను సంకనేసుకు పెంచిన మనిషి, ఒక్క ముక్కయినా అడగదా?"

దాలినాయుడు కళ్లు తెరిచాడు. చెవొగ్గి విన్నాడు.

"నేదు," అన్నాడు. "అడగనేదు."

ఆమె అతని చంకల కింద చేతులేసి ఒక్క గుంజు గుంజింది. తీగలు పటపటా తెగాయి. కొమ్మలమీద కన్నెలు కాళ్లూపడం ఆపారు. అడ్డుకోవడానికి ఎవరూ దిగిరాలేదు. పూలు మాత్రం ముగ్గురి తలలమీద మరింత దట్టంగా రాలాయి.

ముగ్గురూ మళ్లీ తాడు నడుములకు బిగించుకుని ప్రవాహంలోకి దూకారు. వచ్చేటప్పుడు ఎదురొచ్చిన నీరు ఇప్పుడు వీపున తన్ని రాళ్లకేసి కొడుతోంది. కప్పు వంగినచోట మునిగారు. తాడు బిగిసింది. వెనక జోగులు కదలడం లేదు. మెడకు కట్టుకున్న బంగారం మూట అతణ్ణి అడుక్కి లాగుతోంది. దాలినాయుడు తాడు పట్టుకుని వెనక్కి ఈది, తమ్ముడి మెడ దొరకబుచ్చుకున్నాడు. చీకట్లో కత్తి ఒక్కసారి కదిలింది. మూట గుడగుడమంటూ అడుక్కి జారిపోయింది. వరద ముగ్గుర్నీ ఎత్తి వెలుగులోకి విసిరేసింది.

జోగులు వాంతి చేసుకుని, ఖాళీ చేతులు చూసుకుని, "సచ్చిపోదును గదన్నా," అని బావురుమన్నాడు. కాసేపటికి లేచి, బరువు దిగిన మనిషిలా ఊరివైపు నడిచాడు.

భార్యాభర్తలు తడి రాతిమీద కూర్చున్నారు. వాన వెలిసింది. దాలినాయుడు ఏటివైపే చూస్తూ, "అక్కడ నీకెవులు ఇనపడ్డారు, రత్నం?" అన్నాడు.

"నాకేటీ ఇనపడనేదు, మావా. నువ్వు ఏడిసిన సప్పుడే ఇనపడింది."

అతను మొట్టమొదటిసారిగా తన అప్ప ఎలా ఉండేదో భార్యకు చెప్పడం మొదలుపెట్టాడు.