యతి తప్పిన పద్యం

"స్ట్రోక్ వచ్చింది మీకా, ఆయనకా?"

నరసన్నపేట ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్ట్ యుగంధర్‌ని అడిగిన మొదటి ప్రశ్న అది.

"మా నాన్నకండి," అన్నాడు తెల్లబోయి.

"మరి ఆయన్ని ఏటడిగినా మీరే చెప్పేస్తన్నారేటి? పేరడిగితే మీరే, ఊరడిగితే మీరే. కాసేపు నోటికి తాళం వేసుకోండి. ఆయన్ని వెతుక్కోనివ్వండి."

పక్కనే ఉన్న తల్లి గురమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. భర్త మంచం పట్టిన మూడు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి. బైకుల షోరూములో రోజుకి పదిమందిని మాటలతో పడగొట్టే కొడుకు ఒక ఆడపిల్ల ముందు నోరు మూసుకోవడం ఆమెకి వింతగా ఉన్నట్టుంది.

ఆ అమ్మాయిది చీపురుపల్లి. వారానికి రెండు రోజులు ఇక్కడికి వస్తుంది. బల్ల మీదున్న కార్డులో 'కుసుమకుమారి' అన్న పేరు చదివి యుగంధర్ పెదవి బిగబట్టుకున్నాడు. ఆమె చూడనే చూసింది.

"నవ్వుకోండి, పర్లేదు. మా నాన్నమ్మ పెట్టిన పేరు. కుసుమ అంటే పలుకుతాను."

తండ్రి కూర్మయ్యకి కుడిచెయ్యి కొంచెం స్వాధీనంలోకి వచ్చింది గానీ మాట రాలేదు. ఉన్న మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది: 'అదే'. ఆకలేసినా అదే, నొప్పెట్టినా అదే. కుసుమ గ్లాసు బొమ్మ చూపించింది. "అదే," అన్నాడు. ఆవు బొమ్మ చూపించింది. "అదే," అని, తప్పని తనకే తెలిసి తల వంచుకున్నాడు.

బొమ్మలు పక్కన పెట్టేసింది కుసుమ. "ఈయనకి బాగా ఇష్టమైనదేటమ్మా?"

"పద్దేలు తల్లీ!" అంది గురమ్మ. "నాటకంలో రాజు ఏషం కట్టీవోడు. సొంతంగా కూడా పద్దేలు అల్లీవోడు. నాగలి పట్టినా అదే యావ."

యుగంధర్ చూపులు నేల మీదికి వాలాయి.

"మీకొచ్చింది ఒకటి ఎత్తండి."

"ఓలమ్మా, నాకేటొస్తాది!" అంటూనే గురమ్మ సిగ్గుపడుతూ సన్నగా తీసింది. "వరద వచ్చి పోయె..."

కూర్మయ్య తల ఎత్తాడు. మెడనరాలు ఉబ్బాయి. పెదవులు వణికాయి.

"...వరిచేను మట్టాయె!"

రాగంతో సహా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. గురమ్మ ఏడ్చేసింది. యుగంధర్ గోడకి చేరబడిపోయాడు.

"మాటలున్న గది తలుపు మూసుకుపోయింది," అంది కుసుమ మెరిసే కళ్ళతో. "పాటలున్న గది తెరిచే ఉంది. అటునుంచి మాటల్ని బయటికి తెచ్చుకుందాం. మిగతా పాదాలేటమ్మా?"

"నాకు అంతే వచ్చు తల్లీ. పుస్తకాల్లో ఉన్నాది. రెండు లావుపాటి పుస్తకాలు నిండా రాసినాడు. ఎక్కడెట్టినాడో గానీ అగుపించడం లేదు."

"ఆ పుస్తకాలే మనకి మందు," కుసుమ యుగంధర్ వైపు తిరిగింది. "వచ్చేసారి తీసుకురండి."

యుగంధర్ బల్ల మీది కార్డు వైపు చూశాడు. "అవి... లేవండి. చెదలు పట్టేసేయి."

అబద్ధం నోటినుంచి వచ్చాక గానీ తండ్రి ఎదురుగా ఉన్నాడని గుర్తుకు రాలేదు. కూర్మయ్య కొడుకు వైపే చూస్తున్నాడు.

"అవునా కూర్మయ్యగారూ? చెదలా?"

కూర్మయ్య ఒక్క క్షణం ఆగాడు. తర్వాత మెల్లగా తలాడించాడు.

"అదే," అన్నాడు.

"శభాష్! అడిగినదానికి చక్కగా జవాబు చెప్పారు," అంటూ కుసుమ చప్పట్లు కొట్టింది.

యుగంధర్‌కి ఆ చప్పట్లు చెంప మీద పడ్డట్టున్నాయి.

*

చెదలు పట్టలేదు. పుస్తకాలని పాత పేపర్ల బండికి వేసినవాడు యుగంధరే.

ఏడాది కిందట షోరూము వార్షికోత్సవానికి అమ్మానాన్నలని తీసుకెళ్ళాడు. ఎవరో మైకు ఇస్తే కూర్మయ్య సంబరంగా పద్యం అందుకున్నాడు. రాగం సాగుతూనే ఉంది. కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తారు. మర్నాటికి ఆ వీడియో కింద కుక్క అరుపులు చేర్చి గ్రూపుల్లో తిప్పారు. షోరూములో యుగంధర్‌కి 'పద్యం' అని పేరు పడింది.

ఆ కోపం ఇంటికి మోసుకొచ్చాడు. "నీ పద్యాల వల్ల నా పరువు పోతంది నాన్నా!" అని అరిచాడు. వీధిలో పాత పేపర్ల బండి కనపడితే రెండు పుస్తకాలూ తీసుకెళ్ళి అందులో పడేశాడు. వెనక్కి తిరిగితే అరుగు మీద తండ్రి నిలబడి ఉన్నాడు. చూసినది భార్యకి కూడా చెప్పలేదు. ఆ రోజు నుంచి పాడటం మానేశాడు.

ఇప్పుడు మిగిలిన ఒక్క మాటనీ ఆ కొడుకుని కాపాడటానికే ఖర్చుపెట్టాడు.

ఆ ఆదివారం యుగంధర్ బండి తీసి శ్రీముఖలింగం వెళ్ళాడు. కూర్మయ్య నాటకాలకి హార్మోనియం వాయించిన సోములు అక్కడ ఉంటాడు. కళ్ళు మసకబారాయి గానీ జ్ఞాపకం మసకబారలేదు. పదకొండు పద్యాలు చెప్పాడు. గణాలంటే ఏమిటో, యతి అంటే ఏమిటో వేళ్ళు మడిచి నేర్పాడు.

"వరద పద్యం రాదా మావా?"

"మొదటి రెండు పాదాలే నోటికున్నాయిరా. మీ ఊరి దేముడమ్మనడుగు. దానికి బాగా వచ్చు."

దేముడమ్మ నాట్లు వేస్తోంది. మోకాలి లోతు బురదలో నిలబడి, వంచిన నడుము ఎత్తకుండానే నాలుగు పాదాలూ పాడేసింది.

*వరద వచ్చి పోయె వరిచేను మట్టాయె*
*మట్టిలోన వెదుకు మనసు నిలిపి*
*గింజ యొకటి చాలు గెలిచేవు కరువును*
*కూర్మితోడ నాటు కొత్త నారు*

"నీకెలా వచ్చు పిన్నీ?"

అప్పుడు నడుం ఎత్తింది. "తిత్లీ తుపానప్పుడు మాకున్నదంతా పోనాది బాబూ. మా ఆయన మూడు రోజులు తిండి ముట్టలేదు. ఇంకెందుకే బతుకు అనీవోడు. మీ అయ్య వచ్చి గుమ్మం ముందట కూకోని ఇదే పాడినాడు. మళ్ళీ మర్నాడు పాడినాడు. మూడోనాడు మా ఆయన లెగిసి నాగలి తీసినాడు." చేతిలోని నారుకట్ట విప్పుతూ అడిగింది. "ఆ పుస్తకం జాగర్తగున్నాదా బాబూ? మా మనవలకి సదివించాలి."

గట్టు మీద చెప్పులు విడిచి బురదలోకి దిగాడు యుగంధర్. ఆ సాయంత్రం దాకా ఆమె వెనకాలే నారు అందిస్తూ ఉండిపోయాడు.

*

కొత్త పుస్తకం కొని, దొరికిన పద్యాలన్నీ రాసుకుని ఆసుపత్రికి తెచ్చాడు. కుసుమ ఆశ్చర్యపోయింది.

"మీరు ఎత్తండి. ఆయన అందుకుంటారు."

"నేనా? నాకు గొంతు లేదండి."

"షోరూములో ఈఎమ్ఐ గురించి అరగంట చెప్పగలరు గదా. ఆ గొంతే చాలు."

యుగంధర్ ఎత్తాడు. శృతి ఒక దారి, లయ ఒక దారి. రెండో మాటకే కూర్మయ్య మొహం చిట్లించి పద్యం లాగేసుకున్నాడు.

"బాగుంది!" కుసుమ నవ్వాపుకోలేకపోయింది. "మీరు పాడితే భరించలేక ఆయనే అందుకుంటన్నారు. ఇలాంటి వైద్యం నాకెవరూ నేర్పలేదు."

నెల తిరిగేసరికి కూర్మయ్య నోట 'నీళ్ళు' వచ్చింది. 'గురమ్మా' వచ్చింది. 'సాలు' వచ్చింది. యుగంధర్‌కి మంగళవారం, శుక్రవారం తప్ప వారంలో మిగతా రోజులు రోజుల్లా అనిపించడం మానేశాయి. కుసుమ నవ్వితే మనసుకి హాయిగా ఉండేది. నవ్వుతూ మెచ్చుకుంటే మాత్రం లోపల ముల్లు కదిలేది.

ఒక శుక్రవారం బస్టాండులో వాన పట్టుకుంది. ఆమె కోసం గొడుగు తెచ్చాడు. గొడుగు చిన్నది. ఆమె భుజం తడవకూడదని అతను సగానికి పైగా తడిశాడు.

"మీరు కూడా గొడుగు కిందికి రండి. తర్వాత మీకు జ్వరమొస్తే నాకు పేషెంట్లు ఇద్దరవుతారు," అంది. తర్వాత మెల్లగా అంది. "నిజం చెప్పనా? పుస్తకాలు చెదలు తినేస్తే ఊరూరా తిరిగి మళ్ళీ పుట్టించారు. ఇలాంటి కొడుకుని నేను చూళ్ళేదు."

ఇక మొయ్యలేకపోయాడు.

"చెదలు కాదండి. నేనే."

అంతా చెప్పేశాడు. వీడియో, బండి, అరుగు మీద నిలబడ్డ తండ్రి. వాన చప్పుడులో ఆమెకి వినపడకపోతే బాగుండునని ఒక పక్క, ఒక్క ముక్క కూడా తప్పిపోకూడదని ఒక పక్క.

కుసుమ గొడుగు కిందనుంచి బయటికి జరిగింది.

"ఆ రోజు ఆయన 'అదే' అన్నారు. నేను చప్పట్లు కొట్టాను," అంది. "ఆయన గుండె ఎంత నలిగిపోయి ఉంటాదో తెలీక, శభాష్ అన్నాను. నాతో చప్పట్లు కొట్టించారు మీరు."

"సిగ్గుగా ఉందండి."

"ఉండాలి. కానీ ఆ మాట చెప్పాల్సింది నాకా?"

బస్సొచ్చింది. ఆమె తడుస్తూనే ఎక్కేసింది. వెనక్కి చూడలేదు.

*

మర్నాడు పొద్దున్న కూర్మయ్య పెరట్లో ఎండలో కూర్చుని ఉంటే యుగంధర్ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నాన్నా, ఆ పుస్తకాలు నేనే బండికి వేసేశాను. నీకు తెలుసు. నీ ఎదురుగానే అబద్ధమాడాను. నీకు మాట రాదన్న ధైర్యంతో ఆడాను."

వంటింట్లోంచి గురమ్మ విననే విన్నది. గరిటె పట్టుకునే వచ్చి కొడుకు వీపు మీద రెండు వేసింది. "ఓరి నీ సిగ్గు మండ! దేముడమ్మ ఇంటిని నిలబెట్టిన పద్దేలురా అవి! బండికేస్తావా?"

మూడోది పడకుండా కూర్మయ్య ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. కొడుకు జుట్టులో వేళ్ళు దూర్చి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత కొత్త పుస్తకం తెరిచి కొడుకు ఒళ్ళో పెట్టి, పాడమన్నట్టు గడ్డం ఎత్తాడు.

యుగంధర్‌కి మొదటి మాట కూడా రాలేదు.

అప్పుడు కూర్మయ్యే ఎత్తాడు. ఎవరూ అందివ్వకుండా వరద పద్యం నాలుగు పాదాలూ తనే పాడాడు.

మంగళవారం ఆసుపత్రికి వెళ్తే కుసుమ కాగితాల్లోంచి తలెత్తకుండానే అడిగింది. "చెప్పారా?"

"చెప్పాను."

"కొట్టారా?"

"అమ్మ కొట్టింది."

"గట్టిగానేనా?"

"గరిటెతో."

"మంచిది," అంది. పెదవి చివర ఎక్కడో నవ్వు దాక్కుంది. అయినా ఆ నెలంతా అతనితో 'మీరు కూర్చోండి, మీరు లేవండి' తప్ప ఒక్క మాట ఎక్కువ అనలేదు. అతనూ మెచ్చుకోలు కోసం చూడలేదు. ఆదివారం ఆదివారం పద్యాలు వెతుక్కుంటూ తిరిగాడు. నలభై మూడు దొరికాయి. మిగతావి ఇక దొరకవని అతనికి తెలుసు. దొరకనివాటి కోసం పుస్తకంలో ఖాళీ పేజీలు వదిలాడు. ఒక ఆదివారం కుసుమ కూడా సోములు ఇంటికి వచ్చింది, పిలవకుండానే. "నా పేషెంటు మందు కదా, నేనూ చూడాలి," అంది.

*

కార్తీకమాసంలో గురమ్మ ఆమెని భోజనానికి పిలిచింది. విస్తళ్ళు వేసేలోగా కూర్మయ్యతో నాలుగు పద్యాలు చెప్పిద్దామని కుసుమ అరుగు మీద కూర్చుని పుస్తకం తిప్పింది.

"ఇది కొత్తదిలా ఉంది. మీరు ఎప్పుడూ పాడలేదే," అని తనే ఎత్తుకుంది.

*"మాట రాని యింట మాటలు మొలిపించి*
*సిగ్గు పడిన వాని చేయి పట్టి..."*

నీళ్ళ బిందెతో వస్తున్న యుగంధర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. అది తండ్రి పద్యం కాదు. ఖాళీ పేజీలో ఎవరూ చూడరని తను రాసుకున్నది.

"కుసుమగారూ, అది వద్దండి..."

ఆమె నోరు అప్పటికే మూడో పాదంలో ఉంది.

*"కుసుమ నీవు లేక కుదురుండ దీ యెద..."*

ఆగింది. బుగ్గలు కందాయి. పుస్తకం దించలేదు. గొంతు బాగా తగ్గించి నాలుగోది చదివింది.

*"ఇంట నుండి వెళ్ళిపోకు నీవు."*

యుగంధర్‌కి ఆ బిందెలోనే దూకాలనిపించింది. ఇంత చేసినవాడు, ఏ మొహం పెట్టుకుని ఇలా రాశాడు? అమ్మ ఎదురుగా, నాన్న ఎదురుగా...

"తప్పు," అన్నాడు కూర్మయ్య.

యుగంధర్ తల మరీ దిగిపోయింది. "తప్పే నాన్నా. చింపేస్తాను."

కూర్మయ్య అసహనంగా చెయ్యి ఊపాడు. మొహమంతా ఎర్రబారింది. ఒక్కో మాటనీ నూతిలోంచి తోడినట్టు తోడాడు.

"యతి... యతి తప్పిందిరా... ఎదవా!"

అది పద్యం కాదు. ఎవరూ అందించింది కాదు. ఆరు నెలల తర్వాత ఆయన సొంతంగా అన్న మొదటి పూర్తి వాక్యం.

గురమ్మ చేతిలో విస్తరి జారిపోయింది. కుసుమ కళ్ళనిండా నీళ్ళు. అయినా థెరపిస్టు కదా, వదల్లేదు. "యతి అంటే ఏంటి కూర్మయ్యగారూ? మీరే చెప్పండి."

కూర్మయ్య వేళ్ళు మడిచాడు. "ఇంట... మొదలు 'ఇ'. నాలుగో గణం... మళ్ళీ 'ఇ' రావాల. 'పో' కాదు." గుక్క తిప్పుకుని, రాగం తీసి పాడాడు.

*"ఇంట నుండి పోకు మింక నీవు."*

పాడి, కుసుమ వైపు చూశాడు. యతి సంగతి తేలిపోయింది, ఇక నీ జవాబేటమ్మా అన్నట్టు.

కుసుమ కళ్ళు తుడుచుకుని, పుస్తకం యుగంధర్ చేతికిచ్చింది.

"మీ నాన్నగారు దిద్దినట్టు మళ్ళీ రాయండి. తప్పుల్లేకుండా," అంది. "చీపురుపల్లిలో మా నాన్నకి చూపించాలి. ఆయన తెలుగు మాస్టారు."

యుగంధర్ బిందె దించి కలం అందుకున్నాడు. కూర్మయ్య పక్కకి జరిగి, కొడుక్కి అరుగు మీద చోటిచ్చాడు.