ద్వాలి నాయనమ్మ గొంతు

ఏన్కూరు దాటి అడవిలోకి పోతే ‘రక్షణపురం’ అని ఒక ప్రార్థన కాలనీ ఉండేది. దాని వెనకున్న సమాధుల తోట పక్కగా చీకటి పడ్డాక లారీవాళ్ళు హారన్ కూడా కొట్టేవాళ్ళు కాదు. అక్కడ చచ్చినవాళ్ళు మాట్లాడతారని పేరు.

మాట్లాడించేది కాలనీ పెద్ద షాలేమ్‌రాజు. ఎవరైనా కాలనీ విడిచి పోతామంటే చాలు, వాళ్ళింట్లో పోయినవాళ్ళను సమాధిలోంచి లేపి అడిగేవాడు. వాళ్ళలో ఒక్కరైనా ‘వెళ్ళు’ అన్న పాపాన పోలేదు!

ఈ కథ నాకు చెప్పింది ఆటో సోమ్లా. 2004లో అతని మేనకోడలు స్తుతికి ఖమ్మంలో నర్సు ట్రైనింగ్ సీటొచ్చింది. తెల్లారి చేరకపోతే సీటు పోతుంది. తల్లీతండ్రీ లేని పిల్ల. చిన్నప్పుడే నాయనమ్మ ద్వాలితో లంబాడీ తండా వదిలి ఆ కాలనీకి చేరింది. ఆ నాయనమ్మా నిరుడే పోయింది.

“మీ నాయనమ్మనే అడుగుదాం,” అన్నాడు షాలేమ్‌రాజు.

ఆ రాత్రి కాలనీ అంతా ద్వాలి సమాధి చుట్టూ మోకాళ్ళ మీద ఉంది. స్తుతిని ఖమ్మం తీసుకుపోవడానికి వచ్చిన సోమ్లా తుమ్మచెట్ల వెనక ఆటో ఆపి, లైటార్పి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

“ద్వాలీ... లే!”

గాలి ఆగింది. మట్టిలోంచి సన్నగా, వణుకుతూ —

“నా కుమారీ... నీవు ఈ పరిశుద్ధ స్థలమును విడువకూడదు... విడిచినయెడల నాశనమగుదువు...”

స్తుతి భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోంది పాపం అనుకున్నాడు సోమ్లా.

ఏడుపు కాదు... నవ్వు!

“అయ్యగారూ, మా నాయనమ్మకు తెలుగే రాదు!”

మోకాళ్ళ మీదున్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు.

“ఈడ లంబాడీ మాట్లాడొద్దని మీరే రూలు పెట్టిన్రు గదా. అందుకే బతికినన్నాళ్ళు నోరు మూసుకున్నది. రాత్రిపూట దుప్పట్ల నాతోనే గుసగుసగ మాట్లాడేది. చచ్చినంక గింత మంచి తెలుగు ఎవరు నేర్పిన్రు?”

ఆ ముసలమ్మను ‘మౌన భక్తురాలు’ అని ప్రతి ఆదివారం మెచ్చుకున్నవాడు షాలేమ్‌రాజే మరి. ముందు ఒక ముసలాయన ఫక్కున నవ్వాడు. తర్వాత అందరూ. పొదలో దాక్కున్న షాలేమ్‌రాజు వదిన విశ్రాంతమ్మకూ నవ్వాగలేదు. చేతిలో బోరు పైపుతో బయటికొచ్చింది. పైపు రెండో కొస సమాధి మట్టిలో ఉంది. అదీ సంగతి!

ఇన్నేళ్ళూ భయపడింది ఈ పైపుకా అని జనానికి నవ్వుతోపాటు కోపమూ వచ్చింది. షాలేమ్‌రాజు ఎటు జారుకున్నాడో ఎవరూ చూడలేదు. పైపు పీకేసి, తిట్టుకుంటూ అందరూ ఇళ్ళకు పోయారు.

సోమ్లా ధైర్యంగా తోటలోకొచ్చాడు. “జల్దీ రా బిడ్డా.” స్తుతి సమాధి దగ్గరే కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతోంది. విశ్రాంతమ్మ ఆ పిల్ల బ్యాగు పట్టుకుని పక్కనే నిలబడింది.

అప్పుడు వినిపించింది. మట్టిలోంచి... లంబాడీలో...

“నవ్వింది చాలు గానీ, బండెక్కు.”

స్తుతి నవ్వు ఆగిపోయింది. సోమ్లా మెల్లగా విశ్రాంతమ్మ వైపు తిరిగాడు. ఆమె బ్యాగు గుండెకు హత్తుకుని సమాధి నుంచి వెనక్కి జరుగుతోంది.

“తమ్మీ...” అంది ఆమె. “ఏమన్నది?”