గుప్పెడుకో పప్పు

"నోరు తెరువు!"

అత్తగారి ఈ రెండు మాటలకీ గదిలో ఖర్జూరాల్లోంచి గింజలు తీస్తున్న ఆరుగురు ఆడవాళ్ళ చేతులూ ఉన్నచోటే ఆగిపోయాయి. కోడలు కదల్లేదు. కదల్లేదు కనుకనే అత్తగారు లేచి వచ్చి, రెండు వేళ్ళతో ఆమె గడ్డం పట్టుకుని, చంటిపిల్లకి మందు పోసేటప్పుడు తెరిచినట్టు నోరు తెరిపించింది! నాలుక మీద సగం నమిలిన బాదంపప్పు... అందరూ చూశారు. చూడనివాళ్ళు పక్కకి వంగి మరీ చూశారు.

"చూశారా, అమ్మా! పప్పు నా ఇంటిది, పళ్ళెం నా ఇంటిది, దొంగ కూడా నా ఇంటిదే!"

గుమ్మంలో పుస్తకాల సంచీతో కోడలి కూతురు నిలబడి ఉంది. పదేళ్ళ పిల్ల. ఎప్పుడూ కిచకిచలాడుతూ ఉంటుందని ఇంట్లో అందరూ దాన్ని పిచ్చుక అనేవారు. ఆ రోజు మాత్రం నోరు మెదపలేదు. తల్లి నోటి వంక చూసింది, నాయనమ్మ వేళ్ళ వంక చూసింది, వెనక్కి తిరిగి వీధిలోకి వెళ్ళిపోయింది. కోడలికి గడ్డం మీద వేళ్ళ నొప్పి తెలియలేదు గానీ, ఆ పిల్ల వెనక్కి తిరగడం మాత్రం గుండెలో దిగబడింది!

ఇంతకీ ఏమిటా దొంగతనం అంటారా? వాళ్ళింట్లో సత్తువ ఉండలు చేస్తారు. ఖర్జూరం, ఎండు అంజూరం, బాదం, జీడిపప్పు, అక్రోట్లు, అంతే. చక్కెర పలుకు పడదు. ఖర్జూరాన్ని ఆవిరి మీద మెత్తబరిచి గింజ తీస్తారు. పప్పుల్ని సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, బట్ట మీద ఆరబోసి, బరకగా దంచి, రెండూ కలిపి ఉండలు చుట్టి నువ్వుల్లో దొర్లిస్తారు. ఒకటి తింటే పూటంతా కాళ్ళలో బలం ఉంటుందని బడిపిల్లల తల్లులు కొనేవారు, బాలింతలు కొనేవారు, పొద్దున్నే మైదానంలో పరుగెత్తేవాళ్ళు కొనేవారు. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో అది అత్తగారి చేతి పేరు.

అయితే పప్పుకి ఒక గుణం ఉంది. నూనె ఉన్న వస్తువు కదా, పాతబడితే కనరెక్కుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, వేయిస్తే వాసన కూడా దాస్తుంది, ఖర్జూరం తీపి మరీ దాస్తుంది. తిన్నాక గొంతు దగ్గర పట్టుకుంటుంది చూడండి, అప్పుడు తెలుస్తుంది దాని సంగతి! కనరెక్కిన పప్పులు నాలుగు పడితే చాలు, పళ్ళెమంతా పాడు. అందుకే కోడలు కొత్త సంచీ విప్పగానే గుప్పెడుకో పప్పు నోట్లో వేసుకుని నమిలి చూసేది. కాపరానికి వచ్చిన కొత్తలో అది నేర్పింది ఎవరనుకున్నారు? ఆ అత్తగారే! "కన్ను మోసపోతుందే అమ్మాయ్, ముక్కూ మోసపోతుంది. నాలుక మోసపోదు" అని తన చేత్తో పప్పు నోట్లో పెట్టి మరీ నేర్పింది.

ఆ రోజు జరిగింది ఇది. వీధి చివర గాజు జాడీలు అమ్మే ఆవిడ ఉంది, అందరూ సీసాల వదిన అంటారు. గింజలు తీయడానికి వచ్చిన ఆరుగురిలో ఆవిడ ఒకతె. నోరు ఊరుకోదు. "ఏం వదినా, ఈ మధ్య రుచి చూడ్డమంతా కోడలిదేనా? నువ్వు చూడవేం? ఇదిగో, ఈ బాదం నువ్వు నమిలి చెప్పు!" అని నవ్వుతూ పప్పు అందించింది. అంతే! అత్తగారి ముఖం కందగడ్డ అయిపోయింది. ఆ పప్పుని పళ్ళెంలోకి విసిరేసి, "రుచి చూడ్డమా? తిండిపోతుతనానికి అదో పేరా? రోజూ గుప్పెళ్ళు గుప్పెళ్ళు మింగేస్తోంది! నోరు తెరువు!" అంది. ఎందుకంత కోపం వచ్చిందో ఆ వేళ ఎవరికీ అర్థం కాలేదు.

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అన్నారా!

సాయంత్రం భర్త వచ్చాక చెప్పుకుంది. అతనికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఊరందరికీ చూపు సరిచేసే మనిషి, ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఆయనగారికి ఎప్పుడూ ఆనదు! "పోనీలేవే... అమ్మ సంగతి తెలిసిందేగా. పప్పు తింటే తిన్నావులే, ఎవరు కాదన్నారు?" అన్నాడు.

"నేను తిన్నానా?" అంది ఆమె.

"అదే... రుచి చూశావు."

అంతకన్నా పెద్ద చెంపదెబ్బ ఉంటుందా? ఆమె మళ్ళీ అతనికి ఏమీ చెప్పలేదు. కానీ రెండు రోజుల తర్వాత పిచ్చుక బడినుంచి కళ్ళు వాచిపోయేలా ఏడ్చి వచ్చింది. "నన్ను పప్పుదొంగ కూతురు అంటున్నారమ్మా... సీసాల అత్తమ్మ వాళ్ళ అబ్బాయి అందరికీ చెప్పాడు..." అని తల్లి చీరలో ముఖం దాచుకుంది. పిల్ల వీపు నిమురుతూనే, ఆ తల్లి లోపల ఏదో గట్టిపడిపోయింది. కన్నీళ్ళు రాలేదు. వచ్చి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో!

మర్నాడు పనికి కూర్చునేముందు ఆమె ఉతికిన తెల్లగుడ్డ ఒకటి తెచ్చి, కళ్ళ కింద నుంచి గడ్డందాకా కప్పేసేలా మూతికి కట్టుకుంది. వెనకాల ముడి గట్టిగా బిగించింది.

"ఇదేం వేషం?" అంది అత్తగారు.

"దొంగ నోరు కదత్తయ్యా. కట్టేస్తే మీకూ నిశ్చింత, పప్పులకీ నిశ్చింత!"

ఆరుగురూ తలలు దించుకుని నవ్వుకున్నారు. అత్తగారు నవ్వలేదు. ఆ గుడ్డ వంక ఒక్క క్షణం చూసిన చూపులో కోపం లేదు, ఏదో బెదురు ఉంది. కోడలు అది చూసింది. చూసి, భయపడిందిలే అనుకుని సంతోషించింది. పగ పట్టిన మనసుకి ఎదుటివాళ్ళ బెదురు పాయసం కన్నా తీపి!

ఆ రోజు నుంచి ఆమె చెప్పిన పని చెప్పినట్టే చేసింది. వేయించమంటే వేయించింది, దంచమంటే దంచింది. గుప్పెడుకో పప్పు మాత్రం లేదు. మిగతా ఆడవాళ్ళా? ఆ నోరు తెరిపించడం చూశాక ఎవరికి ధైర్యం! వేళ్ళకి అంటుకున్న ఖర్జూరం కూడా నాకకుండా కడుక్కునేవారు.

ఇలా ఉండగా, మైదానంలో పరుగు నేర్పే మాస్టారు వచ్చాడు. ఆదివారం పొద్దున్న మైదానంలో పెద్ద పరుగుపందెం, మూడు వందల ఉండలు కావాలన్నాడు. అత్తగారు అంగడి నుంచి అక్రోట్ల కొత్త సంచీ తెప్పించింది. కోడలు సంచీ విప్పి చెయ్యి పెట్టింది. పెట్టగానే వేళ్ళకి తెలిసిపోయింది! పప్పు పొడిగా లేదు, జిగట జిగటగా నూనె అంటింది. అక్రోటు అలా నూనె కక్కిందంటే దాని పని అయిపోయినట్టే.

అత్తగారు పక్కనే నిలబడి గొంతు సవరించుకుంది. "ఎలా ఉన్నాయంటావు?"

"నాకేం తెలుసత్తయ్యా?"

"అది కాదే... చూస్తే ఎలా ఉన్నాయి?"

"చూస్తే బాగున్నాయి. నోట్లో పెడితే ఎలా ఉంటాయో, నోరున్న వాళ్ళని అడగండి."

అత్తగారు ఒక పలుకు తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. కోడలి ముఖం వంక చూసింది... గుడ్డ తప్ప ఏమీ కనబడలేదు. "బాగానే ఉన్నాయి. కానివ్వు" అంది.

కోడలి చేతులు కాసేపు ఆగాయి. పరుగెత్తేవాళ్ళేం పాపం చేశారు? ఒక్క మాట చాలు... కానీ ఆ ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. చీరలో ముఖం దాచుకున్న పిచ్చుక గుర్తొచ్చింది. మూకుడు పొయ్యి మీద పెట్టింది.

ఆదివారం పొద్దున్న అత్తగారు జరీ చీర కట్టుకుని, మైదానంలో బల్ల వేసుకుని, పెట్టెల వెనక మహారాణిలా కూర్చుంది. పిచ్చుక నీళ్ళ గ్లాసులు సర్దుతోంది. కోడలు వెనకాల నిలబడింది, గుడ్డతోనే. మొదట వచ్చిన అబ్బాయి చెమటలు కక్కుతూ వచ్చి ఒక ఉండ నోట్లో వేసుకున్నాడు. నాలుగు సార్లు నమిలి, తుపుక్కున ఉమ్మేశాడు! వెనకవాడూ అంతే. మూడోవాడు, "ఛీ, ఇదేంటండీ, చేదు!" అన్నాడు. మాస్టారు పరుగెత్తుకొచ్చి తనూ ఒకటి కొరికి ముఖం చిట్లించాడు.

"పెద్దమ్మగారూ, కనరు! గొంతు పట్టేస్తోంది!"

"నా ఇంటి ఉండ కనరా? ముప్ఫై ఏళ్ళ చెయ్యి ఇది!" అత్తగారు లేచింది. అందరూ చూస్తుండగా ఉండ తీసి మొత్తం నోట్లో పెట్టుకుని, నింపాదిగా నమిలి, మింగి, పెదవులు తుడుచుకుంది. "తేనె! తేనెలా ఉంది. మీ నోళ్ళకే ఏదో వచ్చింది."

సీసాల వదిన ఒకటి తీసి కొరికింది. కొంగులోకి ఉమ్మింది. నోరు ఊరుకోని ఆ మనిషి కూడా మెల్లిగా అంది, "వదినా... ఇది నీకు నిజంగానే తీపిగా ఉందా?"

జనం గొణుక్కున్నారు. ఎవరో నవ్వారు. ఇదే... ఇదే కదా తను ఇన్నాళ్ళూ కోరుకున్నది! కోడలు వెనక ముడి విప్పి గుడ్డ తీసేసింది. పళ్ళెంలోంచి ఒక ఉండ తీసి, అత్తగారి ముందుకొచ్చి, మైదానమంతా వినపడేలా అంది.

"ఇంకోటి తినండత్తయ్యా. నోరు తెరవండి!"

ఆవిడ తిడుతుందనుకుంది. చెయ్యి విసిరికొడుతుందనుకుంది. కానీ అత్తగారు కోడలి ముఖంలోకి, ఇన్నాళ్ళకి గుడ్డ లేకుండా కనబడిన ఆ ముఖంలోకి, ఆత్రంగా వెతుకుతున్నట్టు చూసి... చంటిపిల్లలా నోరు తెరిచింది! ముసలి నాలుక, అక్కడక్కడా పళ్ళు, వణుకుతున్న కింది పెదవి... అందరూ చూశారు. పిచ్చుక కూడా గ్లాసు పట్టుకుని చూసింది. కోడలి చేతిలో ఉండ చేతిలోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక అత్తగారు వంటింట్లో నేల మీద కూలబడింది. జరీ చీర కూడా మార్చుకోలేదు.

"పోయినేడు జ్వరం వచ్చి తగ్గింది చూడు... అప్పుడే పోయిందే. వాసనా పోయింది, రుచీ పోయింది. ఉప్పూ పంచదారా ఒకటే. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంక నాకేం పేరుందే ఈ ఊళ్ళో..."

"మరి ఏడాదిగా బాగున్నాయి, బాలేవు అని ఎలా చెప్పారు?"

"నీ ముఖం చూసి. నువ్వు పప్పు నమిలేదానివి, నేను నీ మూతి చూసేదాన్ని. ముడుచుకుందా, సంచీ వెనక్కి పంపేదాన్ని. ఆ రోజు సీసాలావిడ పప్పు నా నోటికి అందించేసరికి... పట్టుబడిపోతాననుకున్నాను. పట్టుబడే దొంగని నేనేనే, అమ్మాయ్! నీ మీదకి తోసేశాను. ఆ తర్వాత నువ్వు గుడ్డ కట్టావు. నాకు లోకమే కనబడకుండా పోయింది..."

ఆవిడ ఏడ్చింది. కోడలు ఏడవలేదు. పొయ్యి గట్టుకి ఆనుకుని నిలబడి అంది. "అక్రోట్లు పాడయ్యాయని నా వేళ్ళకి తెలుసు. తెలిసే చేశాను. అది నా తప్పు, మాస్టారి కాళ్ళు నేనే పట్టుకుంటాను. మీ తప్పు మాత్రం వంటింట్లో ఏడిస్తే తీరదత్తయ్యా! నా నోరు ఆరుగురిలో తెరిపించారు. నా కూతురి ముందు తెరిపించారు. మీరు చెప్పే మాట కూడా ఆ ఆరుగురిలోనే, ఆ పిల్ల ముందే చెప్పాలి."

"నా నాలుక సంగతి కూడానా?"

"కూడాను."

అత్తగారు కళ్ళు మూసుకుంది. ముప్ఫై ఏళ్ళ పేరు... నోట్లోంచి ఒక్క మాట జారితే ఇంక లేదు. కోడలు బతిమాలలేదు, తొందరపెట్టలేదు. వెళ్ళి గిన్నెలు కడుక్కుంది.

మూడో రోజు అదే గది, అవే చాపలు, అదే ఆరుగురు. పిచ్చుకని బడి మానిపించి మరీ గుమ్మంలో కూర్చోబెట్టింది అత్తగారు. కొత్త బాదం సంచీ విప్పి పళ్ళెంలో పోసి, నిలబడే చెప్పింది.

"నా నాలుక చచ్చి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ ఈ ఇంటి ఉండకి రుచి నా కోడలిది. దొంగ అన్నాను. దొంగతనం నాది... దాని రుచి దొంగిలించి నా పేరు పెట్టుకున్నాను." పిచ్చుక వైపు తిరిగింది. "వినబడిందా తల్లీ? బళ్ళో చెప్పు. ఇవే మాటలు చెప్పు."

సీసాల వదిన అంతటి మనిషి ముక్కు చీది, "మా వెధవ చేత కూడా చెప్పిస్తాను, వదినా. చెవి పట్టుకుని చెప్పిస్తాను" అంది.

అత్తగారు పళ్ళెంలోంచి ఒక పప్పు తీసుకుంది.

"నోరు తెరువమ్మా..."

కోడలు తెరిచింది. పప్పు నాలుక మీద పడింది. నమిలింది. అత్తగారు ఆమె మూతి చూస్తోంది, ఆరుగురూ చూస్తున్నారు. కోడలు మూతి ముడవలేదు, కనుబొమ్మ ఎత్తలేదు. తీపో చేదో తెలియనివ్వకుండా, రాతి ముఖం పెట్టుకుని నింపాదిగా, మరీ నింపాదిగా నమిలింది. ఆ కాసేపూ కోడలిదే! ఇన్నాళ్ళ బాకీలో ఆ కాసేపైనా ఆమె వదులుకోదలచుకోలేదు.

చివరికి మింగింది. "బాగుందత్తయ్యా. కొత్త పంట."

ఆరుగురి చేతులూ మళ్ళీ ఖర్జూరాల మీదకి వెళ్ళాయి. గుమ్మంలోంచి పిచ్చుక కిచకిచలాడుతూ వచ్చి తల్లి ఒళ్ళో వాలింది.

అప్పుడు కోడలు, ఎవరినీ అడగకుండా, పళ్ళెంలో చెయ్యి పెట్టి రెండు బాదంపప్పులు తీసింది. ఒకటి కూతురి నోట్లో పెట్టింది, రెండోది తన నోట్లో వేసుకుంది. అత్తగారు తలెత్తి చూసింది.

"ఇది రుచికి కాదత్తయ్యా," అంది కోడలు. "తినాలని తింటున్నాను."

అత్తగారు పళ్ళేన్ని కోడలి వైపు ఇంకో జానెడు జరిపింది.