మసిదొర ఇచ్చిన దీపం

"నా కళ్ళతో నేను చూశాను. మసిదొర నాకు దీపం ఇచ్చాడు" అంది లాయరు, టిఫిన్ డబ్బా మూత పెడుతూ.

"మసిదొరా? దీపమా? ఇవ్వడమా?" అంది రేడియో. ముక్కముక్కకీ ఆమె కళ్ళు ఇంకాస్త పెద్దవయ్యాయి.

లాయరుకి అసలు పేరు వేరే ఉంది. కానీ ప్రతిదానికీ వాదనకి దిగుతుంది కాబట్టి అయిదో తరగతి మొత్తం ఆమెని అలాగే పిలుస్తుంది. పక్క సీట్లో కూర్చునే రేడియో సంగతి చెప్పక్కర్లేదు. నిద్ర లేచింది మొదలు నోటికి మూతే ఉండదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం.

మసిదొర అంటే వాళ్ళిద్దరూ ఎవరింట్లో వాళ్ళు ఆడుకునే వీడియో గేమ్‌లో విలన్. ఊరి దీపాలన్నీ ఎత్తుకుపోయి కోటలో దాచేస్తాడు. మొహం నిండా మసి, వీపు మీద నల్లటి దుప్పటి. వాడు నవ్వితే ఒళ్ళు జలదరిస్తుంది. నాకు కూడా.

"మా ఇంట్లో వాడు వంతెన విరగ్గొట్టి నన్ను ఏట్లో పడేస్తాడు. ఎప్పుడూ అంతే! మా అన్నయ్యనీ అంతే. దీపం ఇవ్వడం ఎప్పుడూ చూడలేదే. నువ్వేదో పొరబడి ఉంటావు" అంది రేడియో.

నిజానికి లాయరు చూడలేదు. నిన్న సాయంత్రం గేమ్ పెట్టేసరికి ఆటలోని తన సంచిలో ఒక దీపం ఉంది. దాని కింద 'మసిదొర కానుక' అని రాసి ఉంది. ఎలా వచ్చిందో ఆమెకీ అంతుపట్టలేదు. కానీ 'తెలియదు' అనే మాట లాయరు నోట్లోంచి రావడం చాలా కష్టం.

"నేనేం పొరబడలేదు! నువ్వే అసలు ఆ గేమ్ ఆడలేదు. ఊరికే కోతలు కోస్తావు. అబద్ధాలకోరు!"

ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది. చుట్టూ పిల్లలు తిరిగి చూశారు. "అబద్ధాల రేడియో!" అని ఎవరో నవ్వారు.

రేడియో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మధ్యాహ్నం టీచర్ క్లాసులోకి వచ్చి, "ఎల్లుండి సీట్లు మారుస్తాను. ఎవరి పక్కన కూర్చుంటారో మీరే చెప్పండి. పరీక్షలయ్యే దాకా మళ్ళీ మార్చేది లేదు" అన్నారు.

మామూలుగా అయితే రేడియో ఈపాటికి లాయరు చెయ్యి గిల్లి, "మనం ఇక్కడే" అనేది. ఇవాళ తన బ్యాగుని బెంచీ చివరికి జరుపుకుంది.

ఇంటికి రాగానే లాయరు గేమ్ పెట్టింది. మసిదొర దీపం ఇస్తుంటే ఫోటో తీసి రేడియోకి చూపిస్తే సరి, ఇక నోరెత్తదు అనుకుంది. ఆ గేమ్ ఎక్కడ ఆపితే మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది. వంతెన దగ్గర మసిదొర నిలబడి ఉన్నాడు. లాయరు ఎప్పటిలాగే కత్తి దూసి మీదికి పరుగెత్తింది.

మసిదొర వెనక్కి తగ్గాడు. "మళ్ళీ కత్తా? పొద్దున అంత బాగా మాట్లాడావు కదా! నువ్వేమిటో నాకు అర్థం కావడం లేదు" అన్నాడు. అని, వంతెన విరగ్గొట్టి ఆమెని ఏట్లో పడేశాడు.

లాయరు నోరు వెళ్ళబెట్టింది. పొద్దున తను బడిలో ఉంది! వీడితో ఎప్పుడు మాట్లాడింది?

"పాపం, అలా మీద పడిపోతే ఎవరు మాత్రం ఊరుకుంటారే?" అంది సోఫాలోంచి అమ్మమ్మ. ఆమెకి మణికట్టు విరిగితే వేసిన కట్టు ఈమధ్యే విప్పారు. చేతిలో రబ్బరు బంతి పెట్టుకుని నొక్కుతూ కూర్చుంది.

"అమ్మమ్మా, నీకు ఈ గేమ్ సంగతి తెలియదు" అని విసుక్కుని లాయరు మెట్లు దిగింది.

కింద అమ్మ నడిపే ఇస్త్రీ షాపు. వేడి ఆవిరితో గదంతా తడితడిగా ఉంది.

"అమ్మా, చెడ్డవాడు ఒకరోజు మంచివాడిలా ఉంటాడా?"

"ఏ చెడ్డవాడు?"

"మసిదొర."

"మన షాపులో దుప్పటి ఇచ్చి వెళ్ళాడా ఏం?" అని అమ్మ నవ్వింది. "పొద్దున నా మీద గయ్యిమన్న మనిషే సాయంత్రం థాంక్స్ చెప్పి వెళ్తాడు. ఎందుకో నాకూ అర్థం కాదు. ఆ హ్యాంగర్ ఇలా ఇవ్వు."

మర్నాడు బడి కుళాయిల్లో నీళ్ళు రాలేదు. మధ్యాహ్నానికే ఇంటికి పంపేశారు. అప్పటి దాకా రేడియో లాయరు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పక్కన అంత నిశ్శబ్దంగా ఉంటే లాయరుకి పాఠం కూడా బుర్రకెక్కలేదు.

ఇంటి మెట్లెక్కుతుంటే పైనుంచి మసిదొర నవ్వు వినిపించింది. కానీ ఈ నవ్వు వేరేగా ఉంది. ఒళ్ళు జలదరించలేదు.

లాయరు తలుపు తోసింది. టీవీ ముందు అమ్మమ్మ! కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కింది. ఒళ్ళో కంట్రోలర్. స్క్రీన్ మీద మసిదొర వంతెన మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, "అందరూ దీపాల కోసమే వస్తారు. ఎలా ఉన్నావని అడిగింది నువ్వొక్కరే" అంటున్నాడు.

"అయ్యో, వచ్చేశావా!" అంటూ అమ్మమ్మ కంట్రోలర్‌ని దిండు కింద దాచబోయింది. తర్వాత సిగ్గుగా నవ్వింది. "డాక్టరు వేళ్ళకి పని చెప్పమన్నాడే. ఆ బంతి నొక్కీ నొక్కీ విసుగొచ్చి ఇది పట్టుకున్నాను. నీ ఆట పాడుచేశానంటావేమోనని చెప్పలేదు."

"మరి వాణ్ణి కొట్టకుండా ఎలా ఆడుతున్నావు?"

"కొట్టాలంటే గబగబా నొక్కాలి. నా వేళ్ళు ఎక్కడ కదులుతాయి? నా బొటనవేలికి ఈ పెద్ద బటన్ ఒక్కటే అందుతోంది."

అది 'మాట్లాడు' బటన్. లాయరు దాన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు.

"మొదట్లో నన్నూ నీళ్ళలోకి తోసేవాడు. అయినా పలకరించాను. ఇంకేం చెయ్యను, అందేది అదే కదా!"

"అయితే వాడు మంచివాడా, చెడ్డవాడా?"

"నాకేం తెలుసే? దీపాలన్నీ ఇచ్చెయ్యమన్నాను. ఒక్కటి ఇచ్చి ఊరుకున్నాడు" అంది అమ్మమ్మ.

లాయరు అక్కడే కూలబడింది. మసిదొర ఎలాంటివాడో ఆలోచిస్తే బుర్ర వేడెక్కుతోంది. కానీ ఒక్కటి మాత్రం తేలిపోయింది. రేడియో చెప్పింది నిజమే. వాళ్ళింట్లో మసిదొరని పలకరించే అమ్మమ్మ లేదు. 'నా కళ్ళతో చూశాను' అన్నదే అబద్ధం. ఆ మాట అన్నది తను.

మర్నాడు టీచర్ బోర్డు మీద బెంచీలకి గళ్ళు గీశారు. ముందు రేడియోని అడిగారు.

"కిటికీ పక్కన. ఒక్కదాన్నే, టీచర్" అంది రేడియో.

లాయరు లేచి నిలబడింది. బడికొచ్చే దారిలో బోలెడు వాదనలు సిద్ధం చేసుకుంది. ఒక్కటీ గుర్తురాలేదు.

"టీచర్, నేను ఒకటి చెప్పాలి. రేడియో అబద్ధం చెప్పలేదు. మసిదొర నాకు దీపం ఇవ్వలేదు. మా అమ్మమ్మకి ఇచ్చాడు. నేను చూడకుండానే చూశానన్నాను. తప్పు నాది."

"మసిదొర ఎవరమ్మా?" అన్నారు టీచర్, చాక్‌పీస్ గాల్లోనే ఆపి.

క్లాసంతా గొల్లుమంది. రేడియో మాత్రం నవ్వలేదు.

లాయరు ఆమె వైపు తిరిగింది. 'కాబట్టి నువ్వు నా పక్కనే కూర్చోవాలి' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"నువ్వెలా ఉన్నావు?" అని అడిగింది. అడిగి ఊరుకుంది.

"బాలేను" అంది రేడియో. తర్వాత మెల్లగా అడిగింది. "మీ అమ్మమ్మకి దీపం ఇచ్చేటప్పుడు వాడేమన్నాడు?"

ఏదో ఒకటి కల్పించి చెప్పడం లాయరుకి ఎంతసేపు!

"నేను చూడలేదు. నాకు తెలియదు" అంది లాయరు. "సాయంత్రం రా. అమ్మమ్మనే అడుగుదాం."

రేడియో కళ్ళు పెద్దవయ్యాయి. టీచర్ వైపు తిరిగింది. "టీచర్, కిటికీ పక్కన ఇద్దరు పడతారా?"

"పడతారు" అంటూ టీచర్ గడిలో రెండు పేర్లూ రాశారు. లెక్కల క్లాసు సగం అయ్యేసరికి ఎందుకు రాశానా అని తల పట్టుకున్నారు. కిటికీ పక్కన రెండు రోజుల కబుర్లు ఒక్కసారిగా గుసగుసల్లో బయటికొస్తున్నాయి. లాయరు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగలకుండా వింటోంది.