పావువంతు నొప్పి

2078లో విశాఖలో ఏ డాక్టరూ "నొప్పి ఎంతుందమ్మా?" అని అడగడం లేదు. అడిగే పనేముంది? "పరబాధిని" ఉందిగా! మోకాలినొప్పైతే ఒక పట్టీ రోగి మోకాలికి, దాని జత డాక్టరు మోకాలికి. రోగి నరాల్లోని సంకేతాలను సెన్సర్లు పట్టుకుని డాక్టరు నరాలకు అందిస్తాయి. రోగి మెట్టెక్కితే డాక్టరు మోకాలిచిప్ప కలుక్కుమంటుంది. అది కట్టుకోకుండా మందు రాస్తే నేరం.

దాన్ని కనిపెట్టిన అచలపతిగారు ఆ ఉదయం భార్య మృణాళినిని క్లినిక్‌కి తీసుకొచ్చారు. ఆవిడ కూచిపూడి గురువు. మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే అరమండిలో పిల్లల్ని నిలబెట్టి, తనూ వాళ్లతో నిలబడే మనిషి. రెండేళ్లుగా చిప్ప వెనక నొప్పి. ఇద్దరు డాక్టర్లు పట్టీ కట్టుకుని "ఈ మాత్రానికేనా?" అన్నారు. పాపం, ఆవిడ పళ్లబిగువున ఆడుతూనే వచ్చింది. ఇప్పుడు కుర్చీలోంచి లేవాలన్నా ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి.

డాక్టర్ కిన్నెర పట్టీ కట్టుకుంది. మృణాళిని అరమండిలోకి వంగింది.

"ఇంతేనా అమ్మా? మీరు మరీ సుకుమారం!" అని నవ్వింది కిన్నెర.

మృణాళిని తల దించుకుంది. "మీ యంత్రం అబద్ధం చెబుతుందా ఏమిటి? నాదే చేతకానితనం. డాన్స్ స్కూలు మూసేస్తానండీ," అంది భర్తతో.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆయనకి. ఇక దాచలేకపోయారు.

"చెబుతుంది మృణాళినీ. తప్పు నాది. దీన్ని పరీక్షించే రోజుల్లో ఏ డాక్టరూ రెండు నిమిషాలు ఓర్చుకోలేదు. ఎవరూ కట్టుకోకపోతే ఎలాగని, నొప్పి పావువంతే వెళ్లేలా బిగించాను. అన్ని పట్టీల్లోనూ. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

"రెండేళ్లు! పక్కనే ఉండి!" అంది ఆవిడ. ముఖం పక్కకి తిప్పేసుకుంది. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకి.

కిన్నెర కాలి పట్టీ మూత తీసి, లోపలి మరను చివరిదాకా తిప్పారు. మృణాళిని మళ్లీ వంగింది. "అమ్మో!" అంటూ కిన్నెర మోకాలు పట్టుకుని కూలబడింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని చీటీ రాసింది. మూడు నెలలు అరమండి బంద్. తొడకీ తుంటికీ బలమిచ్చే వ్యాయామాలు. చిప్ప పక్కకి జరక్కుండా టేపు. "తగ్గుతుందమ్మా, మళ్లీ ఆడతారు. నన్ను క్షమించండి," అంది.

"రేపే అందరికీ చెప్పేస్తాను. అన్ని పట్టీలూ సరిచేస్తాను," అన్నారు అచలపతిగారు. ఇన్నేళ్లకి ఆయనకి ఊపిరాడింది.

కిన్నెర తలుపు వైపు చూసింది. బయట బెంచీల మీద ఇంకా ముప్ఫైమంది ఉన్నారు.

"సార్," అంది మోకాలు రుద్దుకుంటూ, మెల్లగా. "వెళ్లేముందు ఆ మర మళ్లీ పాతచోటికే తిప్పేసి వెళ్లండి."