పరిగె పల్లికాయలు

నాగలి వెళ్లిన చోటల్లా పల్లికాయలు పైకి తేలుతున్నాయి. దేవమ్మ కాళ్లు ఒక్కచోట నిలవడం లేదు. పరుగెత్తి ఏరుతోంది, సంచిలో పోస్తోంది, మళ్లీ పరుగెడుతోంది.

"ఇంక లోతుకు పోనియ్, ఐలన్నా."

జీతగాడు ఐలన్న ఎడ్లను ఆపాడు. "పంట ఇంటికి చేరింది గద బిడ్డా. మిగిలింది పరిగె ఏరేటోళ్లది. మీ అమ్మ నిజంగనే దున్నమన్నదా?"

"అన్నది. జల్దీ కానియ్."

అమ్మ నర్సింహమ్మ అలా అననే లేదు. కర్దనూర్‌లో పల్లికాయ పీకేశాక, మట్టిలో మిగిలిపోయిన కాయల జోలికి చేనుగల్లవాళ్లు వెళ్లరు. భూమి లేనివాళ్లు వచ్చి తవ్వి ఏరుకుంటారు. అదే పరిగె. ఈ సంగతి దేవమ్మకు బాగానే తెలుసు.

మొదట ఆమెకు కావలసింది ఒక్క ఎర్ర రిబ్బను. పటాన్‌చెరులో పాండురంగం దుకాణంలో పల్లికాయలిస్తే రిబ్బను ఇస్తారు. సంచి అడుగు నిండగానే గాజులు కూడా కావాలనిపించింది. సగం నిండాక అద్దం ఉన్న డబ్బా కావాలనిపించింది. మూతిదాకా వచ్చేసరికి ఏం కొనాలో కూడా మరిచిపోయింది. ఇంకా కావాలి, అంతే.

కాయలను ఎవరికీ కనబడకుండా మిద్దె మీద ఎండబోసింది. బడి నుంచి రాగానే పైకెక్కి చేతులతో కలిపేది. గలగలమనేవి. ఆ చప్పుడు వింటే ఆమెకు సంబరం ఆగేది కాదు. తమ్ముడు లింగం ఒక్క కాయ తీస్తే వీపు మీద ఒక్కటిచ్చింది పాపం.

ఆదివారం, భూమి లేని మొగులమ్మ అవ్వ తన మనవరాలు ముత్యమ్మను వెంటబెట్టుకుని పరిగెకు వచ్చింది. దేవమ్మ గట్టు మీద కూర్చుని చూస్తోంది. ఇద్దరూ తవ్వుతున్నారు, తవ్వుతూనే ఉన్నారు.

"ఏందవ్వా, ఏం దొరుకుతలెవ్వు?" అంది ముత్యమ్మ.

"తవ్వు బిడ్డా. నిరుడు అవుతలి చేన్లుండె. ఇప్పుడు గవన్నీ ఫ్యాక్టరీల పోయినయ్. ఇగ మనకు గీ చేనొక్కటే. గీ కాయలు గానుగకిస్తేనే ఇంట్లకు నూనె."

దేవమ్మ తల వంచుకుని గట్టు మీది గడ్డి పీకుతూ కూర్చుంది.

చాలాసేపటికి అవ్వ కొంగు విప్పింది. రెండు పిడికిళ్ల కాయలున్నాయి. గట్టు దగ్గరికి వచ్చి, అందులో ఒక పిడికిలి దేవమ్మ ఒళ్లో పోసింది.

"నాకొద్దవ్వా."

"వద్దనద్దు బిడ్డా. చేనుగల్ల పిల్లవు. మొదటి పిడికిలి నీదే. మా అత్తగూడ గిట్లనే ఇచ్చేది." తర్వాత మనవరాలి వైపు తిరిగింది. "దా, బాయికాడ సద్ది తిందం."

దేవమ్మ ఇంటికి ఒకటే పరుగు. నర్సింహమ్మ పొయ్యి దగ్గర ఉంది.

"అమ్మా, ఐలన్నకు అబద్ధం చెప్పిన. చేను మల్ల దున్నిచ్చిన. పరిగె అంత నేనే తెచ్చుకున్న." దేవమ్మకు ఏడుపొచ్చేసింది.

నర్సింహమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "యాడున్నయ్?"

"మిద్దె మీద."

"మరి గీడ నిలబడి ఏం జేస్తున్నవ్?"

అక్కాతమ్ముళ్లు కాయలను మళ్లీ సంచిలోకెత్తి, చేనుదాకా ఈడ్చారు. అవ్వ సద్ది ముగించేలోపు అయిపోవాలి! దేవమ్మ సాళ్ల వెంట కాయలు చల్లుతూ, చేతులతో మట్టి కప్పుతూ ఉరికింది. ఎక్కడి నుంచి చూశాయో, కాకులు దిగాయి. లింగం "హుష్, హుష్" అంటూ చేనంతా గెంతాడు. వాడికి ఇదేం ఆటో తెలియదు గానీ, భలే ఆట.

చివరి దోసెడు కప్పేసరికి అవ్వా మనవరాలూ రానే వచ్చారు.

"అవ్వా, ఈడున్నయ్! గీడ గూడున్నయ్!" ముత్యమ్మ గొంతు చేను దాటి వినిపించింది.

అవ్వ ఒక కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గలగలమంది. మట్టిలో ఉన్న పచ్చికాయ అలా మోగదు. మోచేతులదాకా మట్టితో నిలబడ్డ దేవమ్మను చూసి నవ్వింది.

కొంగు నిండాక అవ్వ మళ్లీ పిడికిలి చాపింది.

"ఒక్కటి చాలవ్వా," అంటూ దేవమ్మ ఒకే కాయ తీసుకుని చిదిమింది. లోపల రెండు పలుకులున్నాయి. ఒకటి లింగం నోట్లో పెట్టింది. రెండోది నములుతూ, "ముత్యమ్మా, గా సాలు ఇంక చూడలే మనం" అని ముందు పరుగెత్తింది.