ఎఫ్9 మాక్రోలో ముప్ఫయ్యొకటో లైను

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలు దిగిన మనిషి రెండడుగులు వేసి ప్లాట్‌ఫాం మీద కూలిపోయాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. జేబులోని కార్డు ప్రకారం అతను పంపుసెట్ల సేల్స్‌మన్. నిజానికి అతను పద్దెనిమిదేళ్లుగా మారుపేరుతో దేశానికి పనిచేస్తున్న ఏజెంట్ బాలనర్సయ్య.

గంట తర్వాత, కొండాపూర్‌లో ఓ డెంటల్ క్లినిక్ వెనక గది. చీఫ్ పట్టాభిరామయ్య గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అతని అసలు పేరు ఒక్క చోటే ఉంది. మన ఏజెంట్ల మెడికల్ ఫైల్లో. ఆ ఫైల్ కోడ్ నేమ్ వజ్రం. పోయిన నెల అందులోంచి ఒక్క పేరు విదేశీ ముఠాకి చేరింది. అది శాంపిల్. మిగతా మూడొందల పన్నెండు పేర్లు ఇవాళ పోతాయి."

"ఎన్నింటికి సర్?" అడిగాడు ఏజెంట్ కిరణ్ పాల్.

"నాలుగింటికి. వజ్రం నెలకోసారే తెరుస్తారు."

"తెరవకుండా ఆపేస్తే?"

"ముఠా మనిషి జారిపోతాడు. నాకు మనిషి కావాలి."

వజ్రం ఉన్న భారీ కంప్యూటర్ మెయిన్‌ఫ్రేమ్‌ని హైటెక్ సిటీలో ఓ ప్రైవేటు కంపెనీ ఆరో అంతస్తు నుంచి చూసుకుంటుంది. వజ్రం మీద ఎవరో కన్నేశారని ఉప్పందడంతో రెండు నెలలుగా కిరణ్ పాల్ అక్కడ కాంట్రాక్టు ప్రోగ్రామర్. పెట్టుడు మీసం, కళ్లజోడులో కెమెరా. అతనికి తోడుగా ఏజెంట్ ప్రవీణ. ఆమె నడిచొస్తే ఫ్లోరంతా కీబోర్డుల చప్పుడు ఆగిపోతుంది. రెండేళ్లుగా ఆమెతో పనిచేస్తూ కూడా కిరణ్ పాల్ తన మనసులో మాట చెప్పలేకపోయాడు.

ప్రవీణ అనుమానించింది ఒక్కణ్ణే. వజ్రం తెరిచే అధికారమున్న రవికిరణ్‌ని. "దగ్గరై కూపీ లాగుతాను" అంది. దగ్గరైంది. మరీ అంత దగ్గరవాలా అన్నదే కిరణ్ పాల్ బాధ.

మూడున్నరకి రవికిరణ్ అతన్ని పిలిచాడు.

"ఏంది కిరణ్ భాయ్, గట్ల చూస్తున్నవ్? ఇటు రా. ప్రవీణ మేడం నాకోసం మాక్రోలు రాసిచ్చింది. గంట పని నిమిషంల అయితుంది!"

కీబోర్డు మీద ఎఫ్4, ఎఫ్5, ఎఫ్6, ఎఫ్9 కీల మీద రంగుల స్టిక్కర్లు. మెయిన్‌ఫ్రేమ్ ఎడిటర్లో ఒక్కో ఫంక్షన్ కీకి మనం రాసుకున్న మాక్రోని తగిలించుకోవచ్చు. కీ ఒక్కసారి నొక్కితే అందులోని కమాండ్లన్నీ వరసగా నడిచిపోతాయి.

ప్రవీణ వంగి ఓ స్టిక్కర్ సరిచేసింది. "రవి గారూ, ఎఫ్9 మాత్రం ఆఖర్న నొక్కండి, సేవ్ చేసేటప్పుడు. మర్చిపోకండేం."

కిరణ్ పాల్ ఆ స్టిక్కర్లనే చూస్తూ నిలబడ్డాడు. తనకి ఏనాడైనా ఒక్క లైను రాసిచ్చిందా?

మెట్ల దగ్గరకెళ్లి వాచీలోని రేడియో నొక్కాడు. "రవికిరణే సర్. లోపలేసేయండి."

"ఆధారం?"

"ఇంకా లేదు సర్."

"ఆధారంతో రా" అన్నాడు చీఫ్.

కిరణ్ పాల్ తన టెర్మినల్ ముందు కూర్చుని మాక్రోల లైబ్రరీ తెరిచాడు. డ్యూటీ కోసం కాదు. వేరొకరికొచ్చిన ఉత్తరం దొంగచాటుగా చదివే మనిషిలా తెరిచాడు. ఎఫ్4 కాలమ్‌లు సర్దుతుంది. ఎఫ్5 ఖాళీ లైన్లు తీసేస్తుంది. ఎఫ్6 పాత తేదీలు వెతుకుతుంది. ప్రతిదాని మొదట్లో 'రవి గారి కోసం' అని రాసి ఉంది. చదువుతుంటే పళ్లు నూరుకున్నాడు.

ఎఫ్9లో నలభై లైన్లున్నాయి. ఫైల్ సేవ్ చెయ్యడానికి అన్నెందుకు?

ముప్ఫయ్యొకటో లైను: తెరిచిన ఫైల్ వజ్రం అయితే, దాని కాపీని బయటి అడ్రసుకి పంపు.

ముందు అతనికి కలిగింది సంతోషం. ఆమె రవికిరణ్‌ని ప్రేమించడం లేదు! మరుక్షణం ప్లాట్‌ఫాం మీద పడివున్న బాలనర్సయ్య గుర్తొచ్చి సిగ్గుతో తలొంచుకున్నాడు. కీ నొక్కేది రవికిరణ్. ఉరికంబం ఎక్కేదీ రవికిరణే.

మూడు యాభై తొమ్మిది. వజ్రం తెరిచి ఉంది. ప్రవీణ రవికిరణ్ కుర్చీ వెనకే నిలబడింది. అరిస్తే ఆమే కీ నొక్కేస్తుంది.

"ఇగ అయిపోయింది మేడం" అంటూ రవికిరణ్ వేలు ఎత్తాడు.

ఆ లైను పక్కన కిరణ్ పాల్ 'డి' కొట్టాడు. ఎంటర్. లైను మాయం. ఎఫ్3. లైబ్రరీలో మాక్రో సేవ్ అయిన క్షణానే అవతల ఎఫ్9 టక్కుమంది.

ప్రవీణ ఫోన్ చూసుకుంది. రావలసిన మెసేజ్ రాలేదు. తలెత్తి సూటిగా కిరణ్ పాల్‌ని చూసి, లిఫ్ట్ వైపు నడిచింది. అతను వాచీలోని రేడియో నొక్కి పట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"ఎలా పట్టుకున్నావు?"

"అతనికి ఏం రాసిచ్చావో చూద్దామని తెరిచాను."

ఆమె నవ్వింది. "నువ్వు నన్నే చూస్తూ ఉంటావనుకున్నాను. నా కోడ్ చూస్తావనుకోలేదు."

లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సూది తళుక్కుమంది. అది మెడని తాకేలోగా కిరణ్ పాల్ ఆమె మణికట్టు ఒడిసిపట్టాడు. లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. హౌస్‌కీపింగ్ యూనిఫాంలో ఉన్న చీఫ్ మనుషులు ఆమెని లోపలికి తీసుకున్నారు. తలుపులు మూసుకునేదాకా కిరణ్ పాల్ ఆమెనే చూశాడు.

సాయంత్రం క్లినిక్‌లో చీఫ్ అడిగాడు. "మాక్రోలు చూడాలని నీకెందుకు తట్టింది?"

కిరణ్ పాల్ దాచకుండా చెప్పాడు. పట్టాభిరామయ్య కలం తీసి రిపోర్టులో 'సాధారణ తనిఖీ' అని రాశాడు.

వారానికి ఢిల్లీ నుంచి ఆర్డర్ వచ్చింది: ఈ తనిఖీ పద్ధతిని కొత్త ఏజెంట్లకి నేర్పడానికి కిరణ్ పాల్‌ని వెంటనే పంపించగలరు.